ఎథిక్స్, క్యారెక్టర్ ఎడ్యుకేషన్ మీద టీచింగ్ ఫెలోషిప్: సాహిత్యం పీహెచ్‌డీ వాళ్ళు అప్లై చేయొచ్చా?

#1 సగంచదివిన_పేజీ

అందరికీ నమస్కారం. థీసిస్ సబ్మిట్ చేసేశాను, వైవా ఇంకో రెండు నెలల్లో ఉంది. నాది సాహిత్యం, పందొమ్మిదో శతాబ్దపు నవల. ఉద్యోగాల వేటలో ఒక ప్రకటన కంటపడింది. మానవీయ శాస్త్రాల్లో పోస్ట్‌డాక్టరల్ (అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే) టీచింగ్ ఫెలోషిప్, విషయం ఎథిక్స్, క్యారెక్టర్ ఎడ్యుకేషన్, అంటే నీతిశాస్త్రం, మంచి గుణాలు పెంచే చదువు. రెండేళ్ళు. ఏడాదికి నాలుగు కోర్సులు చెప్పాలి, అందులో రెండు మొదటి ఏడాది విద్యార్థులకి సెమినార్లు, మిగతా రెండూ మనం తయారు చేసుకున్నవి. కవర్ లెటర్, సీవీ, నమూనా సిలబస్, రైటింగ్ శాంపిల్, మూడు సిఫార్సు లేఖలు అడిగారు. ఇవన్నీ మామూలే. వీటితోపాటు ఒక పేజీ రాయమన్నారు: "మీ బోధన విద్యార్థుల గుణాలు పెంపొందడానికి ఎలా తోడ్పడుతుంది?" అని.

నాలుగు రోజులుగా ఆ పేజీ దగ్గరే ఆగిపోయి ఉన్నాను. నేను నవలలు చదివిస్తాను, వ్యాసాలు రాయిస్తాను. ఎవరి గుణాన్నీ ఎన్నడూ బాగు చేయలేదు, చేశానని రాస్తే నాకే నవ్వొస్తుంది. పైగా ఫిలాసఫీ వాళ్ళు వందమంది అప్లై చేస్తారు కదా, నన్నెవరు చూస్తారు? అప్లై చేయడం దండగా?

#2 తొందరపాటు

చేసెయ్యండి. పోయేదేముంది.

#3 పాత_పోస్ట్‌డాక్

పోయేది రెండు వారాల టైమ్ అండీ, అది చిన్న విషయం కాదు :) నేను ఇలాంటిదే ఒకటి రెండేళ్ళు చేశాను, ఎక్కడో చెప్పను. ముందు మీ భయం సంగతి. ఈ తరహా ఫెలోషిప్‌లు ఫిలాసఫీకి మాత్రమే కాదు, మా బ్యాచ్‌లో చరిత్ర, మతాధ్యయనం, సాహిత్యం, క్లాసిక్స్ (ప్రాచీన గ్రీకు, లాటిన్ చదువులు) అన్నీ ఉన్నాయి. షికాగో యూనివర్సిటీలో హార్పర్-ష్మిట్ ఫెలోలు, కొలంబియాలో కోర్ కోర్సులు (డిగ్రీ విద్యార్థులందరూ తప్పక చదవాల్సినవి) చెప్పే ఫెలోలు కూడా ఇదే కోవ: పీహెచ్‌డీ కొత్తగా అయినవాళ్ళని తెచ్చి, చిన్న క్లాసుల్లో పెద్ద పుస్తకాలు చెప్పించడం. కొలంబియాలో కాంటెంపరరీ సివిలైజేషన్ కోర్సు 1919లో, మొదటి ప్రపంచయుద్ధం అయిన వెంటనే మొదలైంది, కాబట్టి "యువతకి ఏం నేర్పాలి" అనే ఆందోళన కొత్తదేం కాదు. క్యారెక్టర్ అనే మాటని బోర్డు మీదే రాసుకున్నవి మాత్రం ఈమధ్య పెరిగాయి. బర్మింగ్‌హామ్‌లో జూబిలీ సెంటర్ 2012లో పెట్టారు, ఆక్స్‌ఫర్డ్ క్యారెక్టర్ ప్రాజెక్ట్ ఉంది, అమెరికాలో వేక్ ఫారెస్ట్‌లో లీడర్‌షిప్ అండ్ క్యారెక్టర్ ప్రోగ్రామ్ ఉంది.

ఇక పని సంగతి. ఏడాదికి నాలుగు కోర్సులంటే కాగితం మీద తేలిగ్గా కనిపిస్తుంది. కోర్సుకి 16 మంది, సెమిస్టర్‌కి రెండు కోర్సులు, ఒక్కొక్కరూ నాలుగు వ్యాసాలు రాస్తే 128 వ్యాసాలు. ఒక్కో వ్యాసానికి అరగంట వేసుకోండి, 64 గంటలు దిద్దడానికే పోతాయి. దానికి తోడు ఆఫీస్ అవర్స్, ఏడుపులు, సిఫార్సు లేఖలు. మొదటి ఏడాది నా పుస్తకం ఒక్క పేజీ కూడా కదల్లేదు. రెండో ఏడాది వచ్చేసరికి మళ్ళీ ఉద్యోగాల వేట. ఇది తెలిసే దిగండి.

#4 కొరకరానికొయ్య

అసలు ఈ క్యారెక్టర్ ఎడ్యుకేషన్ అనేదే పెద్ద బోగస్ అని నా అభిప్రాయం, తిట్టుకున్నా సరే. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. పద్దెనిమిదేళ్ళు నిండినవాణ్ణి కూర్చోబెట్టి పదిహేను వారాల్లో నిజాయితీపరుణ్ణి చేస్తారా?

1920ల్లోనే హార్ట్‌షోర్న్, మే అని ఇద్దరు వేలమంది పిల్లల్ని పరీక్షించారు, అబద్ధం ఆడే అవకాశమూ కాపీ కొట్టే అవకాశమూ ఇచ్చి. తేలిందేంటంటే ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లాడు ఇంకోచోట ఉంటాడని గ్యారంటీ లేదు. 1973లో డార్లీ, బాట్సన్ చేసిన ప్రయోగం ఇంకా ఘోరం. మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మందిని ప్రసంగం చేయడానికి పక్క భవనానికి పంపారు, దారిలో ఒక మనిషి మూలుగుతూ పడి ఉన్నాడు. టైమ్ బోలెడు ఉన్నవాళ్ళలో 63 శాతం ఆగారు, బాగా ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్ళలో 10 శాతం. కొందరి ప్రసంగం సరిగ్గా దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న బైబిల్ కథ మీదే, దానివల్ల కూడా పెద్ద తేడా రాలేదు. అంటే మంచితనం గడియారం మీద ఆధారపడింది, సిలబస్ మీద కాదు. మీరు ఆ పేజీలో ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

#5 ఫుట్‌నోట్

కొయ్య గారూ, మీ సామెత అరిస్టాటిల్‌కీ నచ్చేది, సగం వరకు. చిన్నప్పటి అలవాట్లే అంతా అని తన నికొమాకియన్ ఎథిక్స్ గ్రంథం రెండో పుస్తకంలో దాదాపు ఆ మాటే అంటాడు. ఇంకా ముందు, మొదటి పుస్తకంలోనే, కుర్రవాళ్ళు ఈ ఉపన్యాసాలకి తగిన శ్రోతలు కారు, అనుభవం లేదు, ఆవేశాలు ఎటు లాగితే అటు పోతారు అని కూడా అంటాడు. ఎథిక్స్ లెక్చరర్లందరూ మొదటి రోజు దాటేసే వాక్యం ఇది.

కానీ చివరి పుస్తకం చివరి అధ్యాయం చూడండి. వాదనలు వింటేనే మనుషులు మంచివాళ్ళయిపోతే ఇంకేం కావాలి, అలా కారు అని ఒప్పుకుంటాడు. ఆ వెంటనే, చిన్నప్పుడు సరిగ్గా పెంచితే చాలదు, పెద్దయ్యాక కూడా ఆ పనులు చేస్తూ అలవాటు పడుతూ ఉండాలి అంటాడు. అంటే మానుని కూడా వంచుతూనే ఉండాలి, మొక్కప్పుడు వంచి వదిలేస్తే సరిపోదు. మీ సామెతలో లేని సగం అది.

డార్లీ-బాట్సన్ గురించి: ఆ ప్రయోగం నేను క్లాసులో చెప్తాను, క్యారెక్టర్ లేదని నిరూపించడానికి కాదు. తొందరలో ఉన్నప్పుడు నాకు పక్కవాడు కనిపించడు అని ముందే తెలుసుకుని ఉండటం కూడా ఒక వివేకమే కదా.

#6 కొరకరానికొయ్య

తెలుసుకుంటే ఆగుతారా? ఎథిక్స్ ప్రొఫెసర్లకి అందరికంటే ఎక్కువ తెలుసు. 2009లో ఎరిక్ ష్విట్జ్‌గెబెల్ అనే ఫిలాసఫర్ లైబ్రరీల లెక్కలు తీస్తే, ఎథిక్స్ పుస్తకాలే మిగతా ఫిలాసఫీ పుస్తకాలకంటే ఎక్కువగా మాయమైనట్టు తేలింది. చెప్పేవి శ్రీరంగ నీతులు.

#7 ఫుట్‌నోట్

హహ. ఆయనే ఇంకో ఇద్దరితో కలిసి 2020లో ఇంకో పేపర్ వేశాడు, అదీ చదవండి. వెయ్యికి పైగా విద్యార్థుల్ని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మాంసాహారం తప్పా ఒప్పా అన్న చర్చ పెట్టారు, ఇంకో భాగానికి దానధర్మాల మీద చర్చ. తర్వాత క్యాంపస్‌లో వాళ్ళు నిజంగా ఏం కొన్నారో చూశారు, వాళ్ళు చెప్పింది కాదు, బిల్లులు. మొదటి భాగం కొన్నవాటిలో మాంసం ఉన్నవి 52 శాతం నుంచి 45కి దిగాయి, రెండో భాగంలో మార్పు లేదు. ఏడు శాతం పాయింట్లు. చిన్నదే. కానీ సున్నా కాదు, పైగా ఆయన సున్నా వస్తుందనే అనుకున్నాడు.

#8 సందేహాలపుట్ట

నాకు ముందు ఆ మాటతోనే పేచీ. తెలుగులో "క్యారెక్టర్" అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే: సినిమాలో పాత్ర, లేదా "ఆ అమ్మాయి క్యారెక్టర్ మంచిది కాదట" అనే గుసగుస. పోనీ "శీలం" అందామంటే ఇంకా ఘోరం, ఆ మాట ఆడవాళ్ళ మీద ఎన్ని వందలసార్లు విసిరారో. "వ్యక్తిత్వ వికాసం" అంటే స్టేజీ ఎక్కి చప్పట్లు కొట్టించే ఆయన కళ్ళముందుకొస్తాడు. మా తమ్ముడికి ఇలాంటి పోస్టు గురించి చెప్తే "అయితే అక్కా, పిల్లలకి నీతిశతకాలు బట్టీ పట్టిస్తావా" అన్నాడు.

నవ్వులాటకే కాదు, అప్లికేషన్‌కి కూడా ఇది పనికొస్తుంది. ఎవరి గుణాల్ని, ఎవరు, ఏ కొలతతో మంచివంటున్నారు అనే ప్రశ్న ఆడపిల్లగా నాకు మొదటినుంచీ ఉంది. నవల చెప్పేవాళ్ళకి ఇది చాలా బాగా తెలిసి ఉండాలి, పందొమ్మిదో శతాబ్దపు నవలల్లో సగం ఊరంతా కలిసి ఒక ఆడదాని గుణం తూచడమే కదా. సగంచదివిన_పేజీ గారూ, మీ సిలబస్ అక్కడే ఉంది!

#9 సగంచదివిన_పేజీ

ఒక్క నిమిషం ఆగి మూడుసార్లు చదివాను ఇది. నా థీసిస్‌లో రెండో అధ్యాయం దాదాపు ఇదే, కానీ దాన్ని నేను "కథనంలో సామాజిక తీర్పు" అని పిలిచాను. ఎథిక్స్ అని పిలవొచ్చని తట్టనే లేదు.

#10 జీతంరాళ్ళు

అందరూ తాత్విక చర్చలో ఉన్నారు, ఒక మోటు ప్రశ్న. ఈ డబ్బు ఎవరిది? జూబిలీ సెంటర్‌కి టెంపుల్టన్ ఫౌండేషన్ నిధులిచ్చింది, మిగతా చాలావాటి వెనకా దాతల సంస్థలే. పేదరికం, వివక్ష, అప్పులు వీటి గురించి మాట్లాడకుండా "నీలో పట్టుదల లేదు, అందుకే వెనకబడ్డావు" అని చెప్పించడానికి డబ్బున్నవాళ్ళు పెట్టే దుకాణం ఇది అనే విమర్శ ఉంది. చేరాక ఆ పాట పాడాల్సి వస్తుందా?

#11 పాత_పోస్ట్‌డాక్

న్యాయమైన ప్రశ్న. నా అనుభవంలో ఏం చెప్పాలో ఎవరూ చెప్పలేదు, సిలబస్‌ని ఎవరూ ముట్టుకోలేదు. నేను న్యాయం అనే గుణం మీదే ఒక కోర్సంతా నడిపాను, అందులో జీతాలు, జైళ్ళు అన్నీ వచ్చాయి. కానీ దాత వచ్చి చెవి మెలిపెట్టకపోయినా, లెక్కలు అడుగుతారు. "మీ కోర్సు వల్ల గుణాలు పెరిగాయని చూపించండి." అసలు తిప్పలు అక్కడ.

ఇది కాస్త పొడుగ్గా చెప్తాను, ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు కాబట్టి.

సెమిస్టర్ మొదట్లో ఒక సర్వే, చివర్లో అదే సర్వే. "నా అభిప్రాయం తప్పని తెలిస్తే మార్చుకుంటాను" లాంటి వాక్యాలు, ఒకటి నుంచి ఏడు వరకు మార్కు వేసుకోవాలి. మా క్లాసులో వినయం మార్కు చివరికి తగ్గింది! మీటింగ్‌లో అందరూ నా వైపు జాలిగా చూశారు. తర్వాత పిల్లలతో మాట్లాడితే ఒకమ్మాయి చెప్పింది: "మొదట్లో నేను చాలా ఓపెన్ అనుకుని ఆరు వేసుకున్నాను సార్, ఈ మూడు నెలల్లో ఎన్నిసార్లు వాదన ఓడిపోయి కూడా ఒప్పుకోలేదో గుర్తొచ్చి నాలుగు వేశాను." మరి ఆ అమ్మాయి వినయం పెరిగినట్టా తగ్గినట్టా? కొలిచే మనిషే మారిపోతే కొలత నిలవదు, సర్వేలవాళ్ళు దీన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు. చివర్లో "ఇప్పుడు ఎంత, ఇప్పటి తెలివితో చూస్తే అప్పుడు ఎంత" అని రెండూ ఒకేసారి అడగడం ఒక పద్ధతి. అదీ పూర్తిగా నమ్మదగింది కాదు, జనం తాము మెరుగయ్యామనే అనుకోవాలని కోరుకుంటారు.

రెండోది జర్నల్స్. వారం వారం "ఈ వారం మీరు ఎదుర్కొన్న నైతిక సందర్భం" అని ఒక పేజీ రాయమన్నాను, మార్కులు కూడా పెట్టాను. బుద్ధి తక్కువై. మొదటి వారం తడబడుతూ నిజాలు రాశారు. మూడో వారానికి అందరూ పశ్చాత్తాపపడటం నేర్చేసుకున్నారు. ప్రతి పేజీలో ఒక చిన్న తప్పు, ఒక రాత్రి నిద్రలేమి, ఒక క్షమాపణ, చివర్లో నేను చదివించిన పుస్తకం పేరు. నాకేం కావాలో వాళ్ళకి అర్థమైపోయింది, నేను కోరిందే వడ్డించారు. నిజాయితీ నేర్పబోయి నటన నేర్పాను అన్నమాట. తర్వాతి ఏడాది జర్నల్‌కి మార్కులు తీసేశాను, నేను చదవను, రాసినట్టు చూపిస్తే చాలు అన్నాను. వ్యాసాలకి మాత్రం గట్టిగా దిద్దాను: వాదన, ఆధారం, ఎదుటివాడి వాదనని వాడే మెచ్చుకునేంత సరిగ్గా చెప్పావా లేదా. పనికి మార్కులు, మనిషికి కాదు.

#12 కొరకరానికొయ్య

ఇది విన్నాక నా గౌరవం కొంచెం పెరిగింది (మీ మీద, ఆ రంగం మీద కాదు).

#13 ఇంటర్వ్యూబాధితుడు

నాకు పోయినేడు ఇలాంటి ఇంటర్వ్యూ ఒకటి వచ్చి పోయింది. జూమ్‌లో నలుగురు, ముప్పై నిమిషాలు. వాళ్ళడిగినవి గుర్తున్నంతవరకు: వివాదాస్పదమైన విషయం మీద క్లాసులో గొడవ అయితే ఏం చేస్తావు, సైన్సు వాళ్ళకి ఈ కోర్సు ఎందుకు అని అడిగితే ఏం చెప్తావు, నీ పరిశోధనకీ దీనికీ లంకె ఏంటి, పిల్లలు ఏఐతో వ్యాసం రాయించుకుంటే ఏం చేస్తావు.

నేను పోగొట్టుకుంది మూడో ప్రశ్న దగ్గర. పది నిమిషాలు థీసిస్ సారాంశం చెప్పాను. వాళ్ళకి కావల్సింది అది కాదు, ఒక్క క్లాసు కళ్ళకి కట్టినట్టు చెప్పమని. ఏ పేజీ చదివిస్తావు, మొదటి ప్రశ్న ఏం వేస్తావు, ఎవరూ నోరు విప్పకపోతే ఏం చేస్తావు.

#14 తొందరపాటు

ఏఐ ప్రశ్నకి జవాబేంటి మరి? మా క్లాసులో అందరూ దాంతోనే.

#15 ఫుట్‌నోట్

పోలీసు పని పెట్టుకోవద్దు, గెలవలేం. నేను చేసేది: వ్యాసం ముక్కల్లో తీసుకుంటాను, ఒక ముక్క క్లాసులో చేత్తో రాయిస్తాను, తర్వాత పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి దాని గురించే అడుగుతాను. ఒకప్పుడు పరీక్షకి ముందు నిజాయితీ గురించి గుర్తు చేస్తే చాలు, మోసం తగ్గుతుంది అని 2008లో వచ్చిన ప్రయోగాన్ని అందరూ ఊదరగొట్టారు. 2018లో చాలా ల్యాబులు కలిసి మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి సిలబస్ పైన హానర్ కోడ్ (మోసం చేయనన్న ప్రమాణం) అచ్చు వేసి చేతులు దులుపుకోకండి, మీ అప్లికేషన్‌లో ఆ పాత ప్రయోగాన్ని ఉదహరించనూ వద్దు. కమిటీలో ఒక్కరికి తెలిసినా పరువు పోతుంది.

#16 సగంచదివిన_పేజీ

ఆ పేజీ మొదటి చిత్తు రాశాను. మొహమాటం లేకుండా ఉతకండి.

"సాహిత్యం సహానుభూతిని పెంచుతుంది. నవలలు చదివిన విద్యార్థులు ఇతరుల జీవితాల్లోకి ప్రవేశించి, మరింత కరుణ, ధైర్యం, నిజాయితీ గల పౌరులుగా ఎదుగుతారు. నా తరగతి గది ఆ ఎదుగుదలకి వేదిక."

#17 సందేహాలపుట్ట

అయ్యో. ఇది మీరు రాసింది కాదు, ప్రకటన రాసిందాన్ని మీరు తిప్పి వాళ్ళకే ఇచ్చారు. పాత_పోస్ట్‌డాక్ గారి పిల్లలు జర్నల్‌లో చేసిందే ఇది.

#18 కొరకరానికొయ్య

నవలలు తెగ చదివిన దుర్మార్గులు చరిత్రలో కోకొల్లలు. "పెంచుతుంది" అని ఆధారం లేకుండా ఎలా అంటారు?

#19 పాత_పోస్ట్‌డాక్

వాళ్ళిద్దరూ అన్నది నిజమే, కానీ బెంగపడకండి, అందరి మొదటి చిత్తూ ఇంతే, నాదైతే ఇంతకంటే దారుణం, "దీపం" "వెలుగు" రెండూ ఉన్నాయి. మీరు నిజంగా చేసిన ఒక్క క్లాసు చెప్పండి. టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) చేశారు కదా. పిల్లలు ఒక పాత్రని తిట్టిపోసిన రోజు ఏదైనా?

#20 సగంచదివిన_పేజీ

ఉంది. ఒక పాత్ర పెళ్ళి వదిలి వెళ్ళిపోతుంది, బిడ్డని కూడా వదిలి. క్లాసు రెండుగా చీలింది, అరుపులు. నాకు టెన్షన్ వచ్చి, ఏం చేయాలో తోచక, అందరినీ పుస్తకం తెరిచి ఆమె గురించి ఊళ్ళోవాళ్ళు అన్న మాటలు ఒక రంగులో, కథకుడు చెప్పినవి ఇంకో రంగులో, ఆమె స్వయంగా అన్నవి మూడో రంగులో గీయమన్నాను. ఇరవై నిమిషాలు నిశ్శబ్దం. ఆమె స్వయంగా అన్నవి అంతా కలిపి పదకొండు వాక్యాలు. ఆమెని అందరికంటే గట్టిగా తిట్టిన అబ్బాయి "మరి నేను ఇంతసేపూ ఎవరి మాట వింటున్నాను?" అన్నాడు. ఆ అబ్బాయి అభిప్రాయం మారిందని కాదు, బయటికి వెళ్ళేటప్పుడు కూడా ఆమెది తప్పే అన్నాడు. కానీ వచ్చే వారం ఇంకో పాత్ర గురించి మాట్లాడుతూ "ఆగండి, ఇది ఎవరన్నారు?" అని తనే అడిగాడు.

#21 ఫుట్‌నోట్

ఇదే. ఇదే రాయండి. కరుణ, ధైర్యం అన్నీ తీసేసి, "తీర్పు చెప్పేముందు ఇది ఎవరి మాట అని అడిగే అలవాటు" అని ఒక్క గుణం పెట్టుకోండి. ఏ పేరు పెట్టినా పర్లేదు, పెట్టకపోయినా పర్లేదు. ఒక్కసారి చేస్తే అలవాటు కాదు కాబట్టి, సెమిస్టర్‌లో అదే పనిని ఎన్నిసార్లు, ఏ ఏ పుస్తకాలతో, ఎలా కష్టం పెంచుతూ చేయిస్తారో సిలబస్‌లో చూపించండి. చివరిసారి పుస్తకం కాకుండా వాళ్ళ గురించి వాళ్ళు రాసుకున్న పేజీ మీదే రంగులు గీయించండి.

#22 కొరకరానికొయ్య

ఒక అబ్బాయి ఒక వారం తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. దీన్ని గుణం అంటారా? ఆ అబ్బాయి రూమ్మేట్‌తో పోట్లాడేటప్పుడు ఆ ప్రశ్న వేసుకుంటాడా అన్న నా అనుమానం అలాగే ఉంది. కానీ పేజీలో ఆ అబ్బాయి మారలేదు అన్న వాక్యాన్ని మాత్రం తీసేయకండి. అది ఉంటేనే నేను నమ్ముతాను.

#23 జీతంరాళ్ళు

పనిలో పని, చేరే తేదీకల్లా డిగ్రీ చేతికి రావాలని ఉంటుంది చాలా ప్రకటనల్లో, వైవా అయితే చాలదు. మీ యూనివర్సిటీ వాళ్ళు ఎప్పుడు ఇస్తారో ఇప్పుడే రాతపూర్వకంగా కనుక్కోండి. ఏడాది తర్వాత పొడిగింపు ఆటోమేటిగ్గా వస్తుందా, రివ్యూ ఉందా అన్నదీ అడగండి. ఆఫర్ వచ్చాక అడగడానికి మొహమాటపడి దెబ్బతిన్నవాళ్ళలో నేనొకణ్ణి.

#24 సగంచదివిన_పేజీ

అప్‌డేట్: నిన్న రాత్రి పంపేశాను. ఆ పేజీ మొత్తం ఆ ఒక్క క్లాసు గురించే, అబ్బాయి మారలేదన్న వాక్యంతో సహా. రైటింగ్ శాంపిల్‌గా రెండో అధ్యాయమే పెట్టాను, శీర్షిక మాత్రం మార్చాను. అందరికీ బోలెడు థ్యాంక్స్, కొయ్య గారికి కూడా.

ఒక చిన్న ఇబ్బంది. మూడో సిఫార్సు లేఖ ఇంకా అప్‌లోడ్ అవలేదు, గడువు శుక్రవారం. మా సార్‌కి రెండు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదు. మళ్ళీ పెడితే విసుక్కుంటారేమో.

#25 పాత_పోస్ట్‌డాక్

పెట్టండి. రెండే లైన్లు, లింకు మళ్ళీ ఇచ్చి, గడువు తేదీ సబ్జెక్ట్‌లోనే రాసి. మెయిల్‌లో మీ కొత్త పేజీ కూడా జతచేయండి, లేఖ సగం రాసినట్టే అవుతుంది ఆయనకి. బుధవారం దాకా ఉలుకూ పలుకూ లేకపోతే ఫోన్ చేయడమే.

#26 తొందరపాటు

ఫోన్ ఇప్పుడే చేసెయ్యండి.